ఆటోనగర్ డీపీఎఫ్ క్లీనింగ్ షెడ్డు: ఫిల్టరు బాగు చేస్తారు, కాలిన కారణం మాత్రం సగమే పట్టుకుంటారు

బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక (2020 ఏప్రిల్) భారీ లారీల్లో పాత సైలెన్సర్ పోయి దాని చోట పెద్ద పెట్టె వచ్చింది. పొగ ముందు డీజిల్ ఆవిరిని మండించే డీఓసీ గుండా, తర్వాత మసిని పట్టే డీపీఎఫ్ గుండా వెళ్లి, చివరికి యూరియా చల్లే ఎస్‌సీఆర్‌కు చేరుతుంది. ఈ పెట్టె వేడెక్కి బండి పవర్ తగ్గించేసిందంటే చాలా చోట్ల ఫిల్టరు విప్పి కడిగి పంపేస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో ఓవెన్ పెట్టుకుని ఇదే పని చేసే ఒక షెడ్డు గురించి ఈ రివ్యూ. క్వారీ టిప్పర్లు, లోడు లారీలు ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

మొదట మెచ్చుకోవాల్సింది: బండి కంప్యూటర్లో పడిన ఫాల్ట్ కోడ్లు చెరపకుండా రాసుకుంటారు. 3246 అనే కోడు ఎఫ్ఎంఐ (తప్పు ఏ రకమో చెప్పే అంకె) 0 లేదా 16తో వస్తే డీపీఎఫ్ నుంచి బయటికొచ్చే పొగ వేడి హద్దు దాటిందని అర్థం. 3251 అవే ఎఫ్ఎంఐలతో వస్తే ఫిల్టరు ముందూ వెనకా ప్రెషర్ తేడా పెరిగిందని. ముందే చెరిపేస్తే, కోడు పడినప్పుడు బండి ఏ వేగంలో, ఏ లోడులో ఉందో చెప్పే సమాచారం కూడా పోతుంది.

రెండోది, బండిని రాత్రంతా ఉంచి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూస్తారు. ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేస్తే టెంపరేచర్ సెన్సర్లన్నీ దాదాపు ఒకటే అంకె, అంటే బయటి వాతావరణం వేడి చూపించాలి. ఒక్కటి మాత్రం యాభై, అరవై డిగ్రీలు ఎక్కువ చూపిస్తే ఫిల్టరు కాలలేదు, సెన్సరో దాని వైరో పాడైంది. పీటీ200 రకం సెన్సరైతే కనెక్టరు విప్పి మల్టీమీటరు పెట్టాలి: 0 డిగ్రీల దగ్గర 200 ఓములు, 30 డిగ్రీల దగ్గర సుమారు 223. ప్రెషర్ సెన్సరు కూడా ఈ సమయంలో సున్నా దగ్గరే ఉండాలి. లేకపోతే ముందు దాని రెండు రబ్బరు పైపులు చూడాలి: పగిలాయా, మసి కూరుకుందా, అటుదిటు ఇటుదటు పెట్టారా. పైపు పగిలి ప్రెషర్ తక్కువ చూపిస్తే, మసి నిండిన సంగతి ఇంజన్ కంప్యూటరైన ఈసీయూకి తెలియదు. రీజెన్ (పట్టిన మసిని వేడితో కాల్చేయడం) ఆలస్యమవుతుంది. తీరా మొదలయ్యేసరికి లోపల కాలాల్సిన మసి మోతాదుకు మించి ఉంటుంది. ఫిల్టరు కరిగిపోయేది అప్పుడే.

నడుస్తున్న బండి మీద చేసే పరీక్షలో షెడ్డు పనితనం బాగుంది. రీజెన్‌లో డీఓసీ ముందు, డీఓసీ తర్వాత, డీపీఎఫ్ తర్వాత ఉండే మూడు వేడిలనూ పక్కపక్కన పెట్టి చూస్తారు. డీఓసీ దాటాక సాధారణంగా 550 నుంచి 600 డిగ్రీలు ఉండాలి, డీపీఎఫ్ దాటాక కూడా దాదాపు అంతే. డీఓసీ తర్వాత వేడి రాకుండా డీపీఎఫ్ తర్వాత మాత్రం ఎగబాకితే, డీఓసీ పని చేయట్లేదు: డీజిల్ అందులో మండక జారిపోయి ఫిల్టర్లో మండుతోంది. ఇలాంటి బండికి ఫిల్టరు ఒక్కటే మార్చడం కొత్తదాన్ని కూడా కాల్చుకోవడమే. రీజెన్ లేని సమయంలో డీఓసీ తర్వాత వేడి ముందుకన్నా బాగా ఎక్కువగా ఉంటే, అడగని ఇంధనం ఎక్కడినుంచో వస్తోంది: కారే ఇంజెక్టరు, పొగ గొట్టంలో డీజిల్ చల్లే డోజరు, లేదా టర్బో సీలు దాటిన ఆయిలు. కొందరు థర్మామీటర్ గన్‌తో పెట్టె పైన చూసి తేల్చేస్తారు. లోపల ఇన్సులేషన్ ఉంటుంది కాబట్టి ఆ అంకెతో లోపలి వేడి తెలియదు.

ఇక్కడిదాకా బాగుంది. వెలితి దీని తర్వాతే. ఇంధనం ఎక్కువ వస్తోందని కనిపెట్టి కూడా ఎక్కడినుంచో వెతకరు. ఇంజెక్టర్లు కారుతున్నాయేమో పరీక్షించరు, టర్బో ఎగ్జాస్ట్ పైపు విప్పి తడి ఆయిలు ఉందేమో చూడరు, డోజరు ఆపాక చుక్కలు పడుతున్నాయో చూడరు. బండి మళ్లీ పంపు షాపుకి, టర్బో షాపుకి తిరగాలి. ఫిల్టరు బిగించేముందే ఈ మూడూ చూపించుకోండి.

విప్పడంలో జాగ్రత్త ఉంది. పొగ వెళ్లే దిక్కు మార్కు చేసి తీస్తారు. డీపీఎఫ్‌లో పొగ బయటికొచ్చే ముఖం శుభ్రంగా ఉండాలి. అక్కడ మసి ఉంటే లోపల పగిలింది, ఎంత కడిగినా దండగే. పొగ లోపలికి వెళ్లే ముఖం తడి నల్లగా ఉంటే ఆయిలో డీజిలో, తెల్లని పొరలా ఉంటే కూలెంట్ లీకు అనుమానించాలి. సన్న కెమెరా బొరోస్కోప్‌లో గాజులా మెరిసే గుంట కనిపిస్తే కరిగిన చోటు అదే. ఫిల్టరు రంధ్రాలు ఒకటి విడిచి ఒకటి మూసి ఉంటాయి కాబట్టి దీపం పెట్టినా వెలుతురు నేరుగా అవతలికి రాకూడదు.

క్లీనింగ్ ఓవెన్లోనే చేస్తారు. వేడి నెమ్మదిగా పెంచి, గంటల తరబడి ఉంచి, నెమ్మదిగానే దించుతారు. తర్వాత పొగ బయటికొచ్చే వైపు నుంచి గాలి కొడతారు. మసి కాలిపోతుంది గానీ ఇంజన్ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, గాలితోనే రావాలి. ముందూ తర్వాతా తూకం వేస్తారు. అది పూర్తిగా నచ్చింది. ప్రెషర్ వాటర్‌తో కడిగే చోటికి వెళ్లొద్దు: కొసల బిరడాలు ఊడతాయి, తడి ఆరకముందే రీజెన్ చేస్తే ఫిల్టరు పగులుతుంది. సీకే-4 గ్రేడు ఇంజన్ ఆయిల్‌లో బూడిద హద్దు 1 శాతమే. పాత గ్రేడు చవకగా వస్తుందని పోస్తే ఆ బూడిదంతా ఈ పెట్టెలోనే మిగులుతుంది.

డ్రైవర్లకు వీళ్లు చెప్పని ముఖ్యమైన మాట ఒకటుంది. రీజెన్ మధ్యలో బండి ఆపినా, ఐడిల్లో వదిలినా ప్రమాదం. గాలి ప్రవాహం పడిపోయి వేడి బయటికి పోదు, ఐడిల్ పొగలో ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి మసి ఇంకా ఉధృతంగా మండుతుంది. పార్కింగ్ రీజెన్ చేసేటప్పుడు కింద వరిగడ్డి, ఎండుగడ్డి ఉండకూడదు.

బిగించేటప్పుడు పాత గాస్కెట్లే వేయబోతే ఒప్పుకోవద్దు, క్లాంపులు సాగి ఉంటే అవి కూడా మార్చమనండి. క్లీనింగ్ అయ్యాక ఈసీయూలో బూడిద లెక్క రీసెట్ చేశారో లేదో స్కానర్ మీద చూపించమనండి. ఫిల్టరు విప్పకుండా ఆ లెక్క సున్నా చేసే చోట బండి అసలు పెట్టొద్దు. బిల్లుతోపాటు రెండు తూకాలూ, రీజెన్‌లో వచ్చిన మూడు వేడి అంకెలూ కాగితం మీద రాయించుకోండి. మళ్లీ వేడెక్కితే తర్వాతి మెకానిక్ పోల్చి చూడటానికి అవే కావాలి.