ఎలుగుబంటి పంటికి ఆగని ట్రెయిల్ కెమెరా

మందస మండలంలోని మా జీడితోటలో కట్టడానికి గత ఫిబ్రవరిలో ఆన్‌లైన్‌లో 6,800 రూపాయలు పెట్టి ఒక ట్రెయిల్ కెమెరా కొన్నాను. చెట్టుకు పట్టీతో బిగించి వదిలేస్తే, ఎదుట వేడి శరీరం ఏదైనా కదిలినప్పుడు దానంతట అదే ఫొటో తీసే పెట్టె ఇది. అమెరికాలో వేటగాళ్లు తమ వేటభూముల్లో జింకల రాకపోకలు కనిపెట్టడానికి ఇలాంటివి వాడతారు; కెమెరాతో పాటు నాకు వచ్చిన పుస్తకంలో కూడా బొమ్మలన్నీ జింకలవే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, పైగా ఎలుగుబంటి ఆ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్న జంతువు. ఎలుగు తోటలోకి ఏ వేళకు వస్తుందో తెలిస్తే, జీడిపిక్కలు ఏరే ఆడవాళ్లను ఆ వేళకు లోపలికి పంపకుండా ఉండవచ్చునన్నదే నా ఉద్దేశం. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి దాడి జరిగాక, ఈ మండలాలున్న ఉద్దానం ప్రాంతంలో ఈ జాగ్రత్త ఎవరికీ అతిగా అనిపించదు.

రాత్రి ఫొటోల విషయంలో కెమెరాకు వంక పెట్టలేను. పది పన్నెండు అడుగుల దూరంలో ఎలుగు ఛాతీ మీది తెల్లని గుర్తు కూడా స్పష్టంగా పడింది. పగటిపూట మాత్రం దీన్ని నమ్మడానికి లేదు. ఏప్రిల్ ఎండలో చుట్టూ ఉన్న వేడికీ జంతువు ఒంటి వేడికీ తేడా తగ్గిపోవడంతో ఆవు ఎదుట నుంచి నడిచి వెళ్లినా పట్టుకోలేదు. ఎండ తగిలి ఊగే కొమ్మను మాత్రం ఒక్క మధ్యాహ్నంలో మూడు వందల సార్లు తీసింది.

అసలు కష్టం పదిహేడో రాత్రి వచ్చింది. తెల్లవారి వెళ్లేసరికి పట్టీ తెగి, కెమెరా చెదపుట్ట పక్కన బోర్లా పడి ఉంది. వెనుక మూతకు కోరలు దిగిన రెండు రంధ్రాలు, బ్యాటరీ అర తలుపుకు విరిగిన గొళ్లెం, అద్దం మీద ఎండిన చొంగ. ఫొటోలు దాచుకునే మెమరీ కార్డు మాత్రం బతికింది. అందులో మొదట దూరంగా ఒక నల్లని ఆకారం, తరువాత ఫొటో నిండా తడి ముక్కు, ఆ తరువాత నాలుక, చివర నలభై ఫొటోల నిండా అడ్డంగా తిరిగిన నేల. తప్పులో నా వాటా కూడా ఉంది. ముందురోజు పనసకాయ కోసి, చేతి జిగురు వదలడానికి కొబ్బరినూనె రాసుకుని, ఆ చేతులతోనే బ్యాటరీలు మార్చాను. వాసన పట్టడంలో ఎలుగుకు సాటి లేదు. పనసపండంటే దానికి ప్రాణం. నేను కట్టిన ఎత్తు కూడా రెండున్నర అడుగులే. దానికి తోడు రాత్రి ఫొటో కోసం ఈ కెమెరా వెలిగించే దీపాల కాంతి తరంగదైర్ఘ్యం 850 నానోమీటర్లు కావడం వల్ల, ఫొటో తీసే క్షణంలో చీకట్లో నిప్పుకణికల్లా ఎర్రగా కనబడతాయి.

అమ్మినవారికి ఫొటోలు పంపితే, జంతువుల వల్ల జరిగిన నష్టం వారంటీ కిందికి రాదని ఒక్క ముక్కలో జవాబిచ్చారు. అడవిలో జంతువుల ఎదుట పెట్టడానికే అమ్మే వస్తువు విషయంలో ఈ మాట నాకు న్యాయంగా తోచలేదు.

రెండోసారి కూడా అదే రకం కొన్నాను, కాకపోతే పలాసలో వెల్డింగు చేయించిన ఇనుప రేకు పెట్టెలో పెట్టాను. దానికి 1,100 రూపాయలయింది. ఇప్పుడు ఏడడుగుల ఎత్తున ముఖం కిందికి వంచి, పట్టీకి బదులు గొలుసుతో కట్టి, చేతులు బూడిదతో తోముకున్నాకే ముట్టుకుంటున్నాను. చీమలు బ్యాటరీ అరలో గుడ్లు పెట్టకుండా నెలకోసారి తెరిచి తుడవాలి. ఈ పని పుస్తకంలో ఎక్కడా రాయలేదు. డబ్బు కాస్త ఎక్కువైనా ఫరవాలేదనుకునేవారు, వెలుతురు కంటికి ఆనని 940 నానోమీటర్ల రకం తీసుకోవడం మేలు. అయితే అందులో రాత్రి ఫొటో అందే దూరం తగ్గుతుంది. పెట్టె, గొలుసు ఖర్చు ముందే కలుపుకోలేనివారు దీన్ని కొనకపోవడమే మంచిది.

ఈ సీజనులో పడిన ఎలుగు ఫొటోలన్నీ అర్ధరాత్రి దాటాక, ఉదయం ఆరుంబావుకు లోపు వేళల్లోనివే కాబట్టి, మా తోటలో పిక్కలు ఏరడం ఏడు దాటాకే మొదలవుతోంది. మొన్న కార్డు మార్చడానికి వెళితే ఇనుప పెట్టె మీద కొత్తగా నాలుగు గోటి గీతలు కనిపించాయి. ఆ గీతలు పడిన వేళ కార్డులో 3 గంటల 12 నిమిషాలుగా ఉంది.