రూల్‌బుక్ కాగితం మీదా, స్క్రీన్ మీదా? రెండూ ఏళ్ల తరబడి వాడాక

ఆటల రూల్‌బుక్ నుంచి నాకు మొట్టమొదట కావలసింది ఒక్కటే. బల్ల చుట్టూ కూర్చున్న అందరికీ అది ఒకే మాట చెప్పాలి. మిగతా సుఖాలన్నీ దాని తర్వాతే. కొత్త పుస్తకం వాసన, అట్ట మీది బొమ్మ, అల్మారాలో వరుసగా పెడితే వచ్చే అందం గురించి ఇష్టంగా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. టాబ్లెట్ తేలిక, బరువు మోయక్కర్లేదు అనేవాళ్లూ అంతే మంది ఉన్నారు. అవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే తలా ఒక పాత్ర తీసుకుని కలిసి కథ నడిపే ఆట. నేను దాని ఐదో ఎడిషన్‌కి డీఎంగా, అంటే కథనీ శత్రువులనీ నడిపే వ్యక్తిగా ఉంటున్నాను. 2014 నాటి నియమాలు, ఒకే జట్టు, ఏళ్లుగా సాగుతున్న ఒకే క్యాంపెయిన్, అంటే ఒకే పొడవైన కథ. మొదట్లో అంతా అచ్చు పుస్తకాలే. తర్వాత చాలా కాలం పూర్తిగా ఫోన్లు, టాబ్లెట్లే. ఇప్పుడు బల్ల మీద మళ్లీ పుస్తకమే ఉంటోంది.

డిజిటల్‌కి ఎందుకు మారామో ముందు చెప్పాలి, ఎందుకంటే ఆ కారణాలు ఇప్పటికీ నిజమే. ఆటగాళ్ల నియమాల పుస్తకం 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ వెనక ఉన్న ఇండెక్స్ వాడినవాళ్లకు ఆ బాధ తెలుసు. అక్షరాలు చీమల బారులా ఉంటాయి. ఒక పదం దగ్గరికి వెళ్తే పేజీ నంబరు ఉండదు, ఇంకో పదం చూడమని ఉంటుంది. అక్కడికి వెళ్తే అప్పుడు పేజీ దొరుకుతుంది. ఫోన్లో అయితే స్పెల్ (మంత్రం) పేరులో నాలుగు అక్షరాలు కొట్టేసరికి పూర్తి పాఠం కళ్ల ముందుంటుంది. మాటిమాటికీ స్పెల్స్ చూసుకోవాల్సిన విజర్డ్, క్లెరిక్ లాంటి మంత్రాలు వేసే పాత్రల ఆటగాళ్లకి ఇది పెద్ద ఊరట. వాళ్ల వంతు వచ్చేసరికి పేజీలు తిప్పే టెన్షన్ పోయింది, ఆట వేగం పెరిగింది. ఆ రోజుల్లో ఎవరడిగినా యాప్ పెట్టుకోమనే చెప్పేదాకా వెళ్లాను.

మేము వాడింది ఒక ఉచిత యాప్. ఇలాంటివి చాలా ఉన్నాయి. దాదాపు అన్నిటికీ ఆధారం ఎస్‌ఆర్‌డీ, అంటే అందరూ వాడుకునేలా ప్రచురణకర్తలు బయటపెట్టిన మూల నియమాల పత్రం. 2016 నాటి 5.1 వెర్షన్‌ని 2023 జనవరిలో ఎవరైనా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఇచ్చారు. 2024లో సవరించిన కొత్త పుస్తకాలు మొదలయ్యాయి. వాటికి తగ్గట్టు 2025లో 5.2 వచ్చింది. ఇదంతా బాగానే ఉంది. మా బల్ల దగ్గర చిచ్చు పెట్టింది దాని తర్వాత జరిగిన పని.

కథలో చాలా కాలంగా మేమంతా ఎదురుచూస్తున్న పోరాటం అది. నేను నడిపే శత్రువు, ఒక మంత్రగత్తె, తన వంతులో కోన్ ఆఫ్ కోల్డ్ అనే స్పెల్ వేయబోయింది. ఐదో స్థాయి స్పెల్, ఎనిమిది డీ8ల (ఎనిమిది ముఖాల పాచికల) నష్టం. మా క్లెరిక్ అప్పటికే బాగా దెబ్బతిని ఉంది. విజర్డ్ ఆడే మిత్రుడు వెంటనే చెయ్యెత్తి, ఎదుటివాళ్ల స్పెల్‌ని ఆపే కౌంటర్‌స్పెల్ అన్నాడు, మూడో స్థాయి స్లాట్‌తో (స్పెల్ వేస్తే ఖర్చయ్యే లెక్కతో). అందరం ఊపిరి బిగబట్టాం. నేను 2014 నియమం ప్రకారం మాట్లాడుతున్నాను. ఎదుటివాళ్ల స్పెల్ నాలుగో స్థాయి లేదా అంతకంటే పైది అయితే, కౌంటర్‌స్పెల్ వేసినవాళ్లు తమ సామర్థ్యంతో చెక్ వేయాలి, అంటే పాచిక వేసి సామర్థ్యం అంకె కలపాలి. దాటాల్సిన అంకె పదికి ఆ స్పెల్ స్థాయి కలిపితే వచ్చేది. ఇక్కడ 15.

"పదిహేను దాటాలి" అన్నాను.

"అవును, పదిహేను. వెయ్యి మరి" అన్నాడు.

"నేనెందుకు వేస్తాను? నువ్వు వేయాలి."

"కాదు, మంత్రగత్తె వేయాలి. కాన్‌స్టిట్యూషన్ సేవ్. నా డీసీ పదిహేను."

సేవ్ అంటే స్పెల్ నుంచి తప్పించుకోవడానికి ఎదుటివాళ్లు వేసే పాచిక, డీసీ అంటే అందులో చేరాల్సిన అంకె. అతని స్పెల్ సేవ్ డీసీ కూడా సరిగ్గా 15 కావడంతో ఇద్దరం ఒకే అంకె పట్టుకుని రెండు వేర్వేరు నియమాల గురించి వాదించుకుంటున్నామని కాసేపటిదాకా ఎవరికీ అర్థం కాలేదు. నేను పుస్తకం తెరిచి చదివాను. అతను ఫోన్ తెరిచి చదివాడు. రెండు చోట్లా పేరు కౌంటర్‌స్పెల్, స్థాయి మూడు, దూరం 60 అడుగులు, వేసేది రియాక్షన్‌గానే, అంటే ఎదుటివాళ్ల వంతులో వెంటనే. తల నుంచి నడుము దాకా అంతా ఒక్కటే, కింద పాఠం మాత్రం వేరు. కొత్త నియమంలో ఎదుటి మంత్రగాళ్లే సేవింగ్ త్రో వేస్తారు. పైగా వాళ్లు ఓడిపోయినా స్పెల్ స్లాట్ ఖర్చు కాదు. అంటే స్పెల్ అప్పటికి ఆగుతుంది కానీ, తర్వాతి వంతులో దాన్నే మళ్లీ వేసుకోవచ్చు. పోరాటం మొత్తాన్ని తిప్పేసే తేడా ఇది.

అప్పుడు బార్బేరియన్ (యోధ పాత్ర) ఆడే ఆమె తన ఫోన్ తీసింది. అదే యాప్. అందులో పాత పాఠమే ఉంది. ఆమె ఫోన్లో ఆటోమేటిక్ అప్‌డేట్స్ ఆఫ్‌లో ఉన్నాయి, అతని ఫోన్లో ఆన్‌లో ఉన్నాయి. కొన్ని రోజుల ముందు యాప్ తనంతట తాను కొత్త ఎస్‌ఆర్‌డీకి మారిపోయింది. ఆ స్క్రీన్ మీద ఎక్కడా తేదీ లేదు, వెర్షన్ నంబరు లేదు, ఈ పాఠం మారింది అన్న ఒక్క గుర్తు లేదు. స్పెల్ చూసుకునే పేజీలో ఆ ఒక్క ముక్క రాసి ఉంటే మాకు ఆ గొడవే లేదు.

అరగంట ఆట ఆగిపోయింది. మేము మొదలుపెట్టింది 2014తో కాబట్టి పుస్తకం ప్రకారమే వెళ్దామన్నాను. మిగతావాళ్లు ఒప్పుకున్నారు, అతనూ ఒప్పుకున్నాడు. చెక్‌లో డైస్ మీద తొమ్మిది పడింది, నాలుగు కలిపితే 13. కోన్ ఆఫ్ కోల్డ్ పడింది, క్లెరిక్ కూలిపోయింది. ఆ తర్వాత కొన్ని సెషన్ల పాటు అతను తన వంతు రాగానే ముందు నా వైపు చూసి "ఇది మన నియమమేనా?" అని అడగడం మొదలుపెట్టాడు. నాకు బాధ కలిగించింది అదే. తన స్పెల్స్ అన్నీ కంఠతా వచ్చిన ఆటగాడు, ఏళ్ల తరబడి నమ్మకంగా ఆడినవాడు, తను చదివిన మాటని తనే నమ్మలేని స్థితికి వచ్చాడు. అతను చదివింది చదివినట్టే చెప్పాడు. ఆ సాయంత్రం బల్ల దగ్గర అబద్ధం చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

కొత్త నియమం చెడ్డదని నేను అనడం లేదు. ఎదుటివాళ్లకి తప్పించుకునే అవకాశం ఇవ్వడం న్యాయంగానే ఉంది, దానితో కొత్త క్యాంపెయిన్ మొదలుపెడితే సంతోషంగా ఆడతాను. నా కోపమంతా చెప్పకుండా మారే పాఠం మీదే.

అక్కణ్ణుంచి సెర్చ్ మీద నాకున్న మోజు కూడా కొంచెం తగ్గింది. స్పెల్ లాంటి ఒకే చోట ఉండే విషయానికి అది అద్భుతమే. కానీ నియమం నాలుగు చోట్ల పరుచుకుని ఉంటే అది పదాన్ని చూపిస్తుంది తప్ప నియమాన్ని చూపించదు. దాక్కోవడం తీసుకోండి. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో దాక్కునే పద్ధతి ఏడో అధ్యాయంలో ఒక పెట్టెలో ఉంటుంది. వెలుతురు, చీకటి, మసక గురించి ఎనిమిదో అధ్యాయం. కనిపించని శత్రువుని కొట్టడం గురించి తొమ్మిదో అధ్యాయం. ఇన్విజిబుల్ (అదృశ్య) స్థితి వెనక అపెండిక్స్ ఏలో. వీటిని కలిపి చదివితే గానీ మన రోగ్ (దొంగ లాంటి పాత్ర) ఓ స్తంభం వెనక దాక్కోగలదో లేదో తేలదు. 'హైడ్' అని వెతికితే ముందు వరసలో తోలు కవచం కూడా వచ్చి కూర్చుంటుంది, ఎందుకంటే ఆ కవచం పేరూ అదే. పుస్తకంలో అయితే ఏడో అధ్యాయంలో ఒక వేలు, తొమ్మిదిలో ఒక వేలు, అపెండిక్స్‌లో ఒక వేలు పెట్టి అటూ ఇటూ తిప్పుతాను. కొన్నేళ్లు వాడాక ఆ పేజీ ఎడమవైపో కుడివైపో, పైనో కిందో కూడా చేతికే తెలుస్తుంది. టాబ్లెట్‌లో బుక్‌మార్కులు పెట్టుకుని ప్రయత్నించాను. ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకగానే మొదట చదివిన వాక్యం తలలోంచి జారిపోయేది.

అచ్చు మారదు అనిపిస్తుంది గానీ, అది కూడా పూర్తిగా నిజం కాదు. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ మొదటి ముద్రణకీ తర్వాతి ముద్రణలకీ తేడాలున్నాయి, దిద్దుబాట్లు వాటిలో కలుస్తూ వచ్చాయి. జబ్బు అంటించే కంటేజియన్ స్పెల్ ఒక మంచి ఉదాహరణ. మొదటి పాఠం చదివి, తగలగానే జబ్బు ప్రభావం మొదలవుతుందని చాలామంది ఆడారు. 2018 దిద్దుబాటుతో, ముందు పాయిజన్డ్ (విషం సోకిన స్థితి) అవుతారు, మూడు సేవ్‌లు ఓడాకే జబ్బు పట్టుకుంటుంది అని స్పష్టం చేశారు. కాబట్టి ఒకే బల్ల మీద రెండు ముద్రణలుంటే అక్కడా గొడవకి చోటుంది. అయినా తేడా ఏమిటంటే, పుస్తకంలో కాపీరైట్ పేజీ తిప్పితే అది ఎన్నో ముద్రణో తెలుస్తుంది. నా ప్రతిలో ఆ స్పెల్ పక్కన పెన్సిల్‌తో దిద్దుబాటు, దాని సంవత్సరం రాసి పెట్టుకున్నాను. నిన్న ఉన్న వాక్యం రాత్రికి రాత్రి మాయం కాదు. దిద్దినది నా చేత్తో దిద్దినదే.

ఈ గొడవంతా అయ్యాక అనుకోకుండా ఒక మంచి పద్ధతి దొరికింది, ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఎస్‌ఆర్‌డీ 5.1 పీడీఎఫ్ సుమారు 400 పేజీలుంటుంది, ఉచితం. క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కాబట్టి, మూలం ఎవరిదో పేర్కొని ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. ఆ లైసెన్స్‌ని వెనక్కి తీసుకోవడం కుదరదు. నేను ప్రతి ఆటగాడి స్పెల్స్ మాత్రమే అందులోంచి తీసి, పెద్ద అక్షరాల్లో నాలుగైదు కాగితాల మీద ప్రింట్ చేసిచ్చాను. పైన '5.1' అని పెద్దగా వేశాను. విజర్డ్ మిత్రుడు తన కాగితాల మీద స్లాట్లు కొట్టేసుకుంటూ ఆడతాడు. "ఇది మన నియమమేనా?" అన్న ప్రశ్న మెల్లగా ఆగిపోయింది. డిజిటల్ ఫైల్ లేకపోతే ఈ పని జరిగేది కాదు, కాగితం లేకపోతే ఈ ప్రశాంతత ఉండేది కాదు.

అయితే ఎస్‌ఆర్‌డీలో పుస్తకంలోని అన్ని సబ్‌క్లాసులూ (పాత్రల ఉపరకాలూ), అన్ని స్పెల్సూ ఉండవు. అందులో లేని స్పెల్స్‌కి పుస్తకమే చూడాలి. ఆ సమయంలో ఇంకా ఎవరో ఒకరు పేజీలు తిప్పుతూనే ఉంటారు.

బోర్డ్ గేమ్స్ సంగతి వేరు, వాటి గురించి ఎక్కువ చెప్పను. పెట్టెలో వచ్చే పుస్తకం చిన్నది, చాలామంది ప్రచురణకర్తలు దిద్దిన పీడీఎఫ్‌ని ఉచితంగా పెడుతున్నారు. రూట్ అనే బోర్డ్ గేమ్‌కున్న 'లా ఆఫ్ రూట్' నియమాల పత్రం పద్ధతి నాకు బాగా నచ్చింది. ప్రతి నియమానికీ చట్టంలోలా నంబరు ఉంటుంది. ఒకరు కాగితం చూసినా ఇంకొకరు స్క్రీన్ చూసినా, ఆ నంబరు చెప్పుకుంటే చాలు, ఇద్దరూ ఒకే వాక్యం దగ్గర ఆగుతారు. ఈ పని పెద్ద రోల్‌ప్లేయింగ్ పుస్తకాలు ఎందుకు చేయవో నాకు అర్థం కాదు.

ఇదంతా నా పరిస్థితికి సరిపోయిన మాట. మేము ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాం, ఒకే పాత వెర్షన్‌ని పట్టుకుని ఉన్నాం, కొత్తవాళ్లు అరుదుగా వస్తారు. బొమ్మల సైన్యాలతో ఆడే వార్‌హామర్ 40,000 లాంటి ఆట పోటీల్లో ఆడేవాళ్లకి నా సలహా పనికిరాదు. 2023లో వచ్చిన పదో ఎడిషన్‌లో సైన్యాల పాయింట్లు ఉచిత డిజిటల్ పత్రంగా వస్తూ మారుతూ ఉంటాయి, అక్కడ అచ్చు మీదే ఆధారపడితే నష్టపోతారు. ఆన్‌లైన్‌లో వేర్వేరు చోట్ల నుంచి ఆడే జట్టుకి కూడా డిజిటలే దారి. మా బార్బేరియన్‌కి చూపు అంత బాగుండదు. అక్షరాలు పెద్దవి చేసుకునే వీలు లేకపోతే ఆమె ఆ పుస్తకాన్ని చదవలేదు. అందుకే బల్ల మీద ఆమె టాబ్లెట్ ఇప్పటికీ ఉంది, ఉంటుంది. కాకపోతే అందులో ఉన్నది యాప్ కాదు, మేమే దింపుకుని పేరులో వెర్షన్ రాసిపెట్టుకున్న పీడీఎఫ్.

ఈ క్యాంపెయిన్ ముగిశాక 2024 నియమాలకి మారుదామని మా వాళ్లు అడుగుతున్నారు. మారితే కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఒక ప్రతి అచ్చులో కొంటాను, స్పెల్ కాగితాలు ఈసారి 5.2 నుంచి తీస్తాను. అందరికీ తలా ఒక పుస్తకం కావాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. విజర్డ్ మిత్రుడు మాత్రం తనకొకటి కావాలని ఇప్పుడే చెప్పేశాడు.