బొమ్మల బోర్డు: ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా వాడి చూశాక

2021 ఆగస్టులో, కరోనా తర్వాత బడులు తెరిచిన వారంలోనే, మా ఒకటో తరగతిలో ఒక బాబు చేరాడు. మాటలు లేవు. సర్టిఫికెట్‌లో ఆటిజం అని ఉంది. వాళ్ల మామ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "టీచరమ్మా, వీడు ఏదీ అడగడు. ఆకలేసినా అడగడు. మీరే కనిపెట్టుకోవాలి" అని అప్పగించి, గేటు దగ్గర చాలాసేపు నిలబడి వెళ్లింది. అంతకుముందు వేరే బడిలో అడిగితే "ఇలాంటి పిల్లలకు వేరే స్కూళ్లుంటాయి" అని పంపేశారట. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఇంటి దగ్గరి బడిలో గానీ ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉందని, ఏ బడి అన్నది కుటుంబమే ఎంచుకోవచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ బాబు ఇప్పుడు ఐదో తరగతి. ఈ అయిదేళ్లూ మా తరగతిలో ఆగకుండా వాడిన వస్తువు ఒకటే, బొమ్మల బోర్డు. మాట రాని పిల్లలు వేలితో చూపించి తమ మాట చెప్పుకునే గళ్ల అట్ట. దాని గురించే రాస్తున్నాను. దివ్యాంగ పిల్లలు కూడా అందరితో కలిసి ఒకే తరగతిలో చదవడాన్ని సహిత విద్య అంటారని శిక్షణల్లో చాలా విన్నాం. కానీ సోమవారం పొద్దున ముప్పై మంది పిల్లల మధ్య ఏం చెయ్యాలో నాకు చెప్పింది ఈ అట్టే.

మొదటి బోర్డు మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం రిసోర్స్ టీచర్ గారి సాయంతో చేశాం. స్పెయిన్‌లోని అరగాన్ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే అరసాక్ బొమ్మలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వాటిలోంచి 12 బొమ్మలు తీసుకుని, ఏ4 కాగితం మీద ప్రింటు చేసి లామినేషన్ చేయించాం. నీళ్లు, అన్నం, బాత్రూమ్, ఇల్లు, బంతి, పుస్తకం, ఇలాంటివి. పిల్లలకు పరిచయం లేని వస్తువులున్న బొమ్మలు తీసేసి, మా బడి కుళాయి, మా పళ్లెం, మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డు, చిక్కీ ఫోనుతో ఫోటోలు తీసి పెట్టాం. ఫోటోలు పెట్టాకే పిల్లాడి చూపు అట్ట మీద కాస్త నిలిచింది.

ఆ మొదటి బోర్డు పనికి రాలేదు. తప్పు పిల్లాడిది కాదు, బోర్డుది, నాది. పన్నెండు గళ్లలో ఒక్క "వద్దు" కూడా లేదు. అన్నీ అడుక్కునే మాటలే. ఆరేళ్ల పిల్లలు రోజంతా నీళ్లు, బాత్రూమ్ గురించే మాట్లాడతారా? వాళ్లు వద్దంటారు, ఇంకా అంటారు, చూడు అంటారు, నా వంతు అంటారు, వీడు కొట్టాడు అంటారు. ఆ మాటలేవీ ఇవ్వకుండా "వీడు బోర్డు వాడట్లేదు" అని రిజిస్టర్‌లో రాశాను.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. బొమ్మ చూపిస్తేనే నీళ్ల సీసా ఇవ్వాలని పట్టుబట్టాను. మూడో రోజు వాడు అట్టను కిటికీలోంచి విసిరేశాడు. తర్వాత రెండు వారాలు దాన్ని చూస్తేనే ముఖం తిప్పేసుకున్నాడు. దాహమేసిన బిడ్డకు నీళ్లు ఆపి భాష నేర్పించాలనుకోవడం ఎంత కఠినమో ఆ రోజు ఇంటికెళ్లాక అర్థమైంది. ఎవరైనా కొత్తగా మొదలుపెడుతుంటే ఈ ఒక్కటి మాత్రం చెయ్యకండి.

రెండో బోర్డు 40 గళ్లది. దీన్ని తయారు చేసేటప్పుడు తెలుగు గురించి నాకే కొత్త విషయం తెలిసింది. రెడీమేడ్‌గా దొరికే బోర్డులు చాలావరకు ఇంగ్లీషు వరుసలో ఉంటాయి. ముందు నేను, ఆ పక్కన కావాలి, ఆ తర్వాత వస్తువు. అలాగే తెలుగులో వేసుకుంటే "నేను కావాలి నీళ్లు" అవుతుంది. మన మాటలో "కావాలి" ఆఖర్న వస్తుంది కదా. అందుకని కుడి చివర నిలువు వరుసంతా కావాలి, వద్దు, ఇవ్వు, వెళ్దాం, అయిపోయింది వంటి మాటలకు ఇచ్చేశాం. ఎడమ చివర మనుషులు: నేను, నువ్వు, టీచర్, మామ్మ, వంట ఆయమ్మ. మధ్యలో వస్తువులు, పనులు. వేలు ఎడమ నుంచి కుడికి జరిగితే చాలు, వాక్యం అయిపోతుంది. నేను, నాకు, నాది, మూడింటికీ ఒకటే బొమ్మ, గుండె మీద చెయ్యి పెట్టుకున్న పిల్లాడు. "నాకు", "నాది" అని మార్చి పలకడం మా పని.

ఒకసారి పెట్టిన బొమ్మ చోటు మళ్లీ మార్చకూడదు. ఇది రిసోర్స్ టీచర్ గారు చెప్పారు. మొదట నేను పట్టించుకోలేదు. అందంగా ఉంటుందని రెండు వరుసలు అటూ ఇటూ చేస్తే, బాబు పాత చోటే తడుముతూ కూర్చున్నాడు. మనం చీకట్లో కూడా స్విచ్ ఎక్కడుందో చేత్తో వెతికి వేస్తాం కదా, పిల్లలకు గడి కూడా అంతే. బొమ్మను చూసి కాదు, చెయ్యి అలవాటుతో వెళ్తుంది.

ఇక వాడే పద్ధతి. బోర్డును పిల్లాడి ముందు పెట్టి "చూపించు, చూపించు" అంటే పని జరగదు. మనం మాట్లాడుతూ మన వేలు కూడా దాని మీద పెట్టాలి. "రండి, వెళ్దాం" అంటూ వెళ్దాం మీద, "అన్నం అయిపోయింది" అంటూ ఆ రెండింటి మీద. నాలుగు నెలలు నేనే చూపించాను. వాడు ఒక్కటి కూడా చూపించలేదు. ఆ నాలుగు నెలలు చాలా టెన్షన్ పడ్డాను. ఒకరోజు పిల్లలందరూ అభినయ గేయం గట్టిగా పాడుతుంటే వచ్చి "అయిపోయింది" గడి మీద వేలు పెట్టాడు. పాట అయిపోయిందంటున్నాడు అనుకుని "లేదు నాన్నా, ఇంకో చరణం ఉంది" అన్నాను. మళ్లీ అదే గడి, ఇంకా గట్టిగా. అప్పుడు తట్టింది, ఆపెయ్యమంటున్నాడని. పాట ఆపించాను. చెవుల మీద నుంచి చేతులు తీశాడు. తన మాట వల్ల ముప్పై మంది ఆగడం ఆ బిడ్డ జీవితంలో అదే మొదటిసారి.

బోర్డు అలవాటైతే ఇక మాటలు రావేమోనని మామ్మ భయపడింది. చాలామంది తల్లిదండ్రులకు ఇదే భయం. ఈ విషయంలో జరిగిన పరిశోధనల్లో బొమ్మల సాధనాలు మాటను ఆపుతాయని తేలలేదు. కొందరిలో మాటలు కాస్త పెరిగాయి కూడా. మా బాబుకు ఇప్పుడు ఆరేడు మాటలు నోటితో వస్తాయి. అది బోర్డు వల్లేనని నేను చెప్పను. బోర్డు వల్ల ఆగిపోలేదని మాత్రం చెప్పగలను.

మూడో ఏడాది మా బడిలో సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కాళ్లూచేతుల కదలిక అదుపులో లేకపోవడం) ఉన్న పాప చేరింది. తెలివైన పిల్ల, అన్నీ అర్థమవుతాయి, చేతి వేళ్లు మాత్రం మాట వినవు. 40 గళ్ల బోర్డు ఆమెకు అస్సలు పనికి రాలేదు. పిడికిలి పెడితే నాలుగు గళ్లు మూసుకుపోతాయి. ఆమెకు ఆరు పెద్ద గళ్లు, ఒక్కోటి అరచేయంత, పలకలా ఏటవాలుగా నిలబెట్టాం. అలిసిపోయిన రోజు కళ్లతోనే చూపిస్తుంది, మనం చూపును పట్టుకోవాలి. ఒక బిడ్డకు సరిపోయింది ఇంకో బిడ్డకు సరిపోతుందనుకోకూడదని ఈ పాపే నాకు నేర్పింది. అన్నట్టు మా బడి ర్యాంపు చాలా నిటారుగా కట్టారు. అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది నియమం. మాది అందులో సగం కూడా లేదు. పాప వీల్‌చైర్‌ను ఇప్పటికీ ఇద్దరం పట్టుకుని ఎక్కిస్తాం. ఏ బోర్డూ ఈ పని చెయ్యలేదు.

బోర్డు మా బాబు ఒక్కడి మెడలోనే వేలాడుతున్నంత కాలం అది వాడి జబ్బు గుర్తులాగే ఉండేది. పిల్లలు దాన్ని ముట్టుకునేవాళ్లు కాదు. అందుకని అదే బోర్డును పెద్దదిగా ప్రింటు వేయించి నల్లబల్ల పక్కన గోడకు కొట్టాం. అప్పటినుంచి మేం అనుకోని పిల్లలు కూడా దాని దగ్గరికి రావడం మొదలుపెట్టారు. నత్తి ఉన్న ఒక పిల్లాడు మాట నోట్లోనే ఆగిపోయిన రోజు లేచి వెళ్లి వేలు పెట్టేవాడు. తండా నుంచి వచ్చే లంబాడీ పిల్లలు జూన్‌లో తెలుగు అంతగా రాకుండా చేరతారు. వాళ్లు బొమ్మ చూపిస్తే పక్క పిల్లలు తెలుగు మాట చెప్పేవాళ్లు. దసరా సెలవుల నాటికి వాళ్లకు బోర్డు అవసరం లేకపోయేది.

దివ్యాంగుల దినోత్సవానికి ప్రతి ఏడాదీ కళ్లకు గంతలు కట్టి నడిపించే ఆట పెట్టేవాళ్లం. పిల్లలు భయపడేవాళ్లు, తర్వాత "పాపం టీచర్" అనేవాళ్లు. పాపం అన్న పిల్లాడు మర్నాడు ఆటలో మా బాబును కలుపుకోడు. అది చూశాక 2023 డిసెంబరులో ఆ ఆట మానేసి వేరేది పెట్టాం. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర నుంచి ఇంటర్వెల్ దాకా ఎవరూ నోటితో మాట్లాడకూడదు. నేను కూడా. అందరికీ ఆ బోర్డే గతి.

పావుగంటలో గొడవ మొదలైంది. కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పడానికి గడి లేదు. "జరుగు" అనడానికి లేదు. ఏడుపెంకులాటలో ఒకడు తొండి చేస్తే అనడానికి మాట లేక ఒక పాప ఏడ్చేసింది. నోరు తెరవనిచ్చాక పిల్లలు నా మీద పడ్డారు. "టీచర్, ఇందులో ఏమీ లేవు. వాడు రోజూ ఎలా ఉంటున్నాడు?" అని అడిగారు. అయిదేళ్లలో నేను విన్న గొప్ప ప్రశ్న అది. ఆ రోజు వాళ్లే కూర్చుని లేని మాటల చిట్టా రాశారు. తొండి అనే మాటకు బొమ్మ ఎలా వెయ్యాలని తర్జనభర్జన పడి, చివరికి తొండ బొమ్మ వేశారు. తల ఎత్తి చూస్తున్న తొండ. వారం తిరక్కుండానే మా బాబు ఆట మధ్యలో పరిగెత్తుకుంటూ లోపలికి వచ్చి, తొండ మీద వేలు పెట్టి, కిటికీలోంచి ఒక పిల్లాడిని చూపించాడు. ఆ పిల్లాడు ఒప్పుకోలేదు, పెద్ద తగాదా అయింది. ఆ తగాదాలో మా బాబు కూడా ఒక పక్షం. నేను కల్పించుకోకుండా చూస్తూ నిలబడ్డాను.

లోపాలు కూడా చెప్పాలి. మెరిసే లామినేషన్ వద్దు. కిటికీ వెలుతురు పడితే ఏమీ కనిపించదు, చూపు తక్కువున్న పిల్లలకు మరీ కష్టం. వానాకాలంలో అంచులు ఉబ్బి లోపలికి చెమ్మ పోతుంది. ఫ్లెక్సీ షాపులో సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ అట్ట) మీద, మెరుపు లేని మ్యాట్ షీటు వేయమని అడగండి. మాకు చిన్నది 150 రూపాయల లోపే అయింది, మూడేళ్లు ఆగింది. ప్రభుత్వ బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకంలో ప్రత్యేక అవసరాలున్న ఒక్కో బిడ్డకు ఏడాదికి 3,500 రూపాయల లెక్క ఉంది. దానితో పోలిస్తే ఈ ఖర్చు ఏపాటిది.

అసలు ఖర్చు టైము. ఒక్క వాక్యానికి నిమిషం పడుతుంది. ప్రశ్న అడిగాక మనసులో పది దాకా లెక్కపెట్టుకుంటూ నోరు మూసుకుని ఉండాలి. నాకు ఇది అన్నిటికంటే కష్టమైంది. నేను సెలవు పెట్టిన రోజు బదులు వచ్చే టీచర్లకు ఈ ఓపిక అలవాటు ఉండదు. ఆ రోజు బోర్డు గోడకు ఉత్త బొమ్మే. 2022లో నోటిఫై అయిన నిష్పత్తి ప్రకారం ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి 10 మంది పిల్లలకు ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలి. మా దగ్గరికి రిసోర్స్ టీచర్ గారు వచ్చే రోజులు తక్కువ, ఆవిడ చూడాల్సిన బడులు ఎక్కువ. మనిషి లేకుండా అట్ట ఒక్కటే ఇచ్చి సహిత విద్య జరుగుతోందని రాసుకుంటే అది ఆ పిల్లలకు అన్యాయం.

బోర్డుతో పాటు బీరువా వెనక చాప వేసి ఒక నిశ్శబ్ద మూల కూడా పెట్టాం. ఎవరికి గోల భరించలేనట్టుంటే వాళ్లు వెళ్లి కాసేపు కూర్చోవచ్చు. ఒకరోజు నేను లేనప్పుడు అల్లరి చేసిన పిల్లాడిని శిక్షగా అక్కడ కూర్చోబెట్టారు. ఆ ఒక్క రోజుతో మూల చెడిపోయింది. మళ్లీ పిల్లలు ఇష్టంగా అక్కడికి పోవడానికి ఒక టర్మ్ పట్టింది. నేనే రోజూ ఇంటర్వెల్‌లో అక్కడ కూర్చుని పుస్తకం చదువుకుంటే మెల్లగా వచ్చారు.

వచ్చే జూన్‌లో బాబు ఆరో తరగతికి హైస్కూల్‌కు వెళ్తాడు. అక్కడ పీరియడ్‌కో టీచర్. సంచిలో పట్టేలా చిన్న బోర్డు చేశాను, హైస్కూల్‌కు కావాలని లెక్కలు, సైన్సు, బెల్లు, హోంవర్క్ కొత్తగా చేర్చాను. చోటు చాలక తొండను తీసేశాను, పెద్ద బడిలో ఆ మాటతో పనేముంటుందిలే అని. మొన్న చేతికి ఇస్తే వాడి వేలు సూటిగా పాత చోటుకు వెళ్లింది. అక్కడ హోంవర్క్ ఉంది. రెండుసార్లు కొట్టి, నా ముఖంలోకి చూసి, "వద్దు" గడి మీద వేలు పెట్టాడు. నిన్న మళ్లీ ఫ్లెక్సీ షాపుకు వెళ్లి వచ్చాను. తొండ తన చోటుకు వచ్చింది, హోంవర్క్ కింది వరుసలోకి పోయింది.