చెవి మిషన్ బాగుంది, అమ్మినాయన మాటే బాలేదు

విశాఖపట్నం రామ్‌నగర్‌లో ఆసుపత్రుల మధ్య ఉన్న ఒక క్లినిక్‌లో రెండు చెవులకీ మిషన్లు తీసుకున్నాను. క్లినిక్ పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. చెవి వెనక కూర్చునే రకం. దాన్నించి సన్నటి తీగ ఒకటి చెవిలోకి దిగుతుంది. జత 72,000 రూపాయలు అయింది. చెవి మిషన్ల మీద జీఎస్టీ లేదు, ఎవరైనా పన్ను పేరు చెప్పి పైన అడిగితే ఇవ్వకండి.

ముందు నా చెవుల సంగతి చెప్పాలి. ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో ఫిట్టర్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. ఒకపక్క గ్రైండరు మోత, ఇంకోపక్క ప్లేట్ల మీద సమ్మెట దెబ్బలు. చెవిలో దూది పెట్టుకున్నవాణ్ణి చూసి మిగతావాళ్లం నవ్వే రోజులవి. 85 డెసిబెల్స్ దాటిన మోతలో రోజూ ఎనిమిదేసి గంటలు ఏళ్ల తరబడి పనిచేస్తే లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు చచ్చిపోతాయి, మళ్లీ పుట్టవు. అదంతా ఇప్పుడు తెలిసింది. గులిమి తీయిస్తే సరిపోతుందని గవర్నమెంటు ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్తే, గులిమి లేదు, ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించుకోండి అని రాసిచ్చారు. ఆ చీటీ పట్టుకుని రామ్‌నగర్ వెళ్లాను, మా చిన్నబ్బాయి తోడొచ్చాడు.

పరీక్ష చేసిన అమ్మాయికి వంద మార్కులు వేస్తాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, కూత వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంది. 250 హెర్ట్జ్ నుంచి 8000 దాకా ఒక్కో స్వరం. తర్వాత గ్రాఫు చూపించింది. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. రెండు గీతలూ మొదట్లో బాగానే నడిచి, 4000 దగ్గర గోతిలో పడ్డాయి. "మోతలో పనిచేశారా అంకుల్?" అని అడిగింది. నేనింకా నా ఉద్యోగం సంగతి చెప్పనే లేదు.

ఆ తర్వాత నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఒక్కో మాటా పలికింది, నేను తిరిగి చెప్పాలి. పాలు అంటే కాలు అన్నాను. తాళం అంటే పాళం అన్నాను. అసలు విషయం ఇక్కడే ఉంది. ఆ, ఈ, ఊ లాంటి అచ్చులు కింది స్వరంలో, గట్టిగా ఉంటాయి. అవి నా చెవికి అందుతాయి. ప, త, క, చ, స లాంటి వాటి చప్పుడు పైస్వరంలో, పల్చగా ఉంటుంది. అవి ఆ గోతిలో పడిపోతున్నాయి. అందుకే మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నాడో తెలియదు. మా ఇంట్లో ఒక రాత్రి గొడవ ఇలా మొదలైందే. వంటింట్లోంచి కోడలు, "పప్పంతా మామయ్యకే" అంది. నాకు చేరింది "తప్పంతా మామయ్యదే" అని. ఆ పూట పప్పు ఎవరూ తినలేదు.

ఇంకో సంగతి కూడా ఆ అమ్మాయే విప్పి చెప్పింది. ఇలాంటి చెవికి చిన్న శబ్దం అసలు వినపడదు, పెద్ద శబ్దం మామూలు చెవికి ఎంత పెద్దగా ఉంటుందో దీనికీ అంతే ఉంటుంది. మధ్యలో ఉండాల్సిన జాగా ఇరుకైపోతుంది. "ఏంటీ, వినపడలేదు" అంటాం. అవతలివాళ్లు గొంతు పెంచుతారు. వెంటనే "అరుస్తావేం?" అంటాం. మా ఆవిడతో నా సంసారం చాలా కాలంగా ఈ రెండు వాక్యాల మీదే నడుస్తోంది. పైగా, అరిస్తే పెరిగేది అచ్చులే, మాట మాత్రం అర్థం కాదు. మనిషి గట్టిగా మాట్లాడేటప్పుడు కనుబొమలు ముడిపడతాయి, మెడ నరాలు తేలతాయి. ఆవిడ "టీ తాగుతారా" అని అడుగుతున్నా కొట్లాటకి వచ్చిన మొహమే నాకు కనపడేది. కోపం రాక ఏం చేస్తుంది?

మిషన్ చేసే పని ఇదే: పల్చటి చప్పుళ్లని బాగా పెంచుతుంది, గట్టివాటిని కొద్దిగానే పెంచుతుంది. మొదటిరోజే పూర్తిగా పెంచరు. తక్కువలో పెట్టి పంపించి, మళ్లీ రమ్మని, కొంచెం కొంచెం పెంచుతారు. బుర్ర అలవాటు పడాలట. నిజమే. మొదట్లో పేపరు మడిచినా పటపటమనేది, ఫ్యాను రైలింజన్ అయిపోయింది, నా గొంతు నాకే బిందెలోంచి వచ్చినట్టుండేది. కొన్ని వారాలకి సర్దుకుంది. ఇప్పుడు మా ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర మామూలు గొంతుతో "ఏటండీ, టీ పెట్టనా?" అంటే వినపడుతోంది. ఆవిడ గొంతు ఇంత మెత్తనని మర్చిపోయాను.

ఇక అమ్మినాయన. పరీక్ష అయ్యాక ఒక డెమో మిషన్ చెవికి తగిలించి, హాల్లో కాసేపు కూర్చుని చూడమన్నారు. కౌంటర్ మీదున్న ఆయన ధరల కాగితం నాకు ఇవ్వకుండా మా అబ్బాయికి ఇచ్చాడు. ఇచ్చి, గొంతు తగ్గించి, "పెద్దాయనకి బేసిక్ మోడల్ చాలు సార్. ఇంట్లోనే కదా ఉంటారు, ఎవరితో మాట్లాడాలి గనక" అన్నాడు. వాళ్ల సరుకు ఎంత బాగా పనిచేస్తుందో ఆయనకే తెలియదనుకుంటాను. ప, త, క, స ఒక్కటీ పోకుండా మొత్తం విన్నాను.

కాగితం మీద రాసి చూస్తే ఆ మాటలో తిట్టు లేదు. పెద్దాయన అన్నాడు, ఉంటారు అన్నాడు, గౌరవం ఎక్కడా తగ్గలేదు. పైగా తక్కువ ధరది చూపిస్తున్నాడు, మన జేబు గురించే ఆలోచించాడేమో కూడా. మా అబ్బాయి బయటికొచ్చాక ఇదే వాదించాడు, ఆయన ఉద్దేశం అది కాదు నాన్నా అని. ఉద్దేశం ఏదైనా కానీ, పెట్టుకునేవాణ్ణి నేను, డబ్బు నా పీఎఫ్‌ది, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నా రోజులు ఎలా గడుస్తాయో ఇంకొకరికి చెప్పడం ఏమిటి? నేను పనిచేసిన షాపులో నన్ను నానామాటలూ అన్నవాళ్లున్నారు. అవి నా మొహం మీదే అన్నారు, నేనూ రెండు అన్నాను, సాయంత్రానికి కలిసి టీ తాగాం. ఇది వేరు.

"బాబూ, రైతుబజారుకి నేనే వెళ్తాను, బ్యాంకుకి నేనే వెళ్తాను, మా కాలనీ అసోసియేషన్‌లో లెక్కలు నేనే చూస్తాను. వీళ్లందరితో మాట్లాడాలి" అన్నాను. ఆయన ఉలిక్కిపడి, "సారీ అంకుల్, తప్పుగా అనుకోకండి" అన్నాడు. అన్నది ఆయన, అనుకోకుండా ఉండే పని మాత్రం నాది.

లేచి వచ్చేసేవాణ్ణే. ఆ అమ్మాయి గదిలోంచి వచ్చి, కుర్చీ నా ఎదురుగా లాక్కుని, మా అబ్బాయిని కాసేపు బయట కూర్చోమంది. మాస్కు తీసి, పెదాలు కనపడేలా మాట్లాడింది. ఎక్కడెక్కడికి వెళ్తారు, ఫోన్ ఎంతసేపు మాట్లాడతారు, బండి మీద తిరుగుతారా అని అడిగింది. వాటిని బట్టి మధ్యరకం చెప్పింది, పై మోడల్ మీకు అనవసరం అని కూడా ఆవిడే చెప్పింది. కొన్నది ఆ అమ్మాయి వల్ల.

వాడకం గురించి. రోడ్డు మీద, బస్సులో, బ్యాంకులో బాగుంది. గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్లే బస్సులో కంచరపాలెం దగ్గర దిగడానికి లేచాను. వెనకాల కుర్రాడు పక్కవాడితో, "ఈ తాత దిగేసరికి తెల్లారిపోద్ది" అన్నాడు. వెనక్కి తిరిగి "విన్నాను బాబూ" అన్నాను. వాడి మొహం చూడాలి! ఈ సదుపాయం గురించి కాగితంలో ఎక్కడా రాయలేదు.

పెళ్లిళ్లలో మాత్రం కష్టం. మైకుసెట్టు మోత ఉన్న ఫంక్షన్ హాల్లో ఏ మిషనూ పూర్తిగా పనిచేయదు. దీనికి ఎదురుగా వచ్చే మాటని ఎక్కువ పట్టే ఏర్పాటు ఉంది, అందుకే మోత వైపు వీపు పెట్టి, మాట్లాడేవాళ్ల మొహం చూస్తూ కూర్చోమన్నారు. అలా కూర్చున్నప్పుడే ఎదురు బంతిలో మా చుట్టాలావిడ, "ఈయనకి వినపడదులే, చెప్పు" అని మొదలుపెట్టించింది. తర్వాత చెప్పుకున్నదంతా మేం పెందుర్తి స్థలం తక్కువకి అమ్ముకున్న కథ. అందులో అబద్ధమేం లేదు, అంత పట్టించుకోలేదు కూడా. ఆ మొదటి ముక్క మాత్రం బూరె తింటున్నంతసేపూ గొంతులో అడ్డం పడింది. ఇన్నేళ్లూ నా ముందు ఎన్నిసార్లు అని ఉంటారో.

ఫోన్‌కి బ్లూటూత్‌తో కలుస్తుంది, గొంతు నేరుగా చెవుల్లోకి వస్తుంది. ఇది చాలా బాగుంది. మా పాత షాపువాళ్ల వాట్సాప్ గ్రూపులో నేనేదో సలహా ఇస్తే, అనకాపల్లిలో ఉండే స్నేహితుడు "నువ్వు చెప్పాలా?" అని రాశాడు. చదివితే చెంపదెబ్బలా ఉంది. నలుగురు బొమ్మలు పెట్టారు, ఇద్దరు నా తరఫున గొడవకి దిగారు. వాడు వాయిస్ మెసేజ్ పెట్టాడు, అదే మాట, వెనకాల వాడి గురక నవ్వుతో. ఆ నవ్వు ఉంటే అది మా పాత సరసం, లేకపోతే తగువు. గ్రూపులో రాసుకునేవాళ్లందరికీ నాలాంటి చెవుడే ఉన్నట్టుంది, గొంతు అందదు, ముక్కలే అందుతాయి.

లోపాలు కూడా చెప్పాలి. హెల్మెట్ పెట్టి తీసేటప్పుడు మిషన్ ఊడొస్తుంది. ఒకసారి ఎన్‌ఏడీ జంక్షన్‌లో రోడ్డు మీద పడింది, అదృష్టం బాగుండి బండ్లు ఆగి ఉన్నాయి. చెవి మీద చెయ్యి పెట్టినా, శాలువా కప్పుకున్నా కీచుమంటుంది. బీచ్ రోడ్డులో గాలికి మైకులో హోరు తప్ప మాట వినపడదు, కాబట్టి ఆర్‌.కె. బీచ్‌లో నడిచేటప్పుడు తీసి జేబులో పెట్టుకుంటున్నాను. మన ఊరి చెమటకీ ఉక్కకీ ఇవి తట్టుకోవు. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టాల్సిందే. ఆ డబ్బా ఉచితంగా ఇస్తే బాగుండేది, వీళ్లు విడిగా డబ్బు తీసుకున్నారు. బ్యాటరీ 312 సైజు, గోధుమరంగు స్టిక్కర్ ఉంటుంది. స్టిక్కర్ పీకగానే పెట్టేయకుండా ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి పెట్టాలి, లేకపోతే దాని పూర్తి బలం రాదు. ఫోన్ ఎక్కువ మాట్లాడితే వారం కూడా రాదు.

తర్వాత ట్యూనింగ్‌కి వెళ్లినప్పుడు కౌంటర్ ఆయన ధరల కాగితం నా చేతికే ఇచ్చాడు, కానీ మీటింగులో మాట్లాడినట్టు అరుస్తున్నాడు. మిషన్ పెట్టుకునే ఉన్నాను బాబూ, మామూలుగా చెప్పు అన్నాను. ఇంకా అలవాటవలేదు ఆయనకి.

మిషన్‌కి నాలుగు స్టార్లు, పరీక్ష చేసిన అమ్మాయికి ఐదు, కౌంటర్‌కి రెండు. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ధర మాట్లాడేటప్పుడు కాగితం వాళ్ల చేతిలో పెట్టించండి, మీరు పక్కన కూర్చోండి. ట్యూనింగ్‌కి ఉదయం పూట వెళ్తే రద్దీ ఉండదు. బ్యాటరీలు మాత్రం అక్కడ కొనకండి, ఆరింటి అట్ట ఆన్‌లైన్‌లో తక్కువకే వస్తుంది.