పన్నెండేళ్లుగా పోగేస్తున్న సినిమా పింగాణీ బొమ్మలు: నా అనుభవం

మా అద్దాల బీరువాలో ఉన్నవి కంపెనీ బొమ్మలు కావు. అమెరికాలో డెబ్బైలు, ఎనభైల్లో మామూలు జనం ఇళ్లలో, సెరామిక్ క్లాసుల్లో సరదాగా చేసుకున్న సినిమా బొమ్మలు: హుండీలు, బిస్కెట్ల జాడీలు, టేబుల్ ల్యాంపులు. పన్నెండేళ్లలో నలభై దాకా పోగయ్యాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా, అమ్మేవాళ్లు "చేత్తో చేసింది, ఇలాంటిది ఇంకోటి ఉండదు" అంటే నమ్మకండి. నేను మొదటి రెండేళ్లూ నమ్మాను. అప్పట్లో ప్లాస్టర్ అచ్చులు ఎవరికి కావాలంటే వాళ్లకి అమ్మేవాళ్లు. అందులో పల్చటి మట్టి పోస్తే ప్లాస్టర్ నీళ్లు పీల్చుకుంటుంది, అచ్చు గోడకి ఒక పొర కడుతుంది, మిగిలింది వంపేస్తారు, అందుకే ఇవి లోపల బోలుగా ఉంటాయి. ఆరాక అతుకు గీత గీకేసి, బట్టీలో వెయ్యి డిగ్రీల ప్రాంతంలో కాలుస్తారు. అంటే అచ్చు పదిమందిదీ, రంగు మాత్రమే ఒకరిది.

ఆ సంగతి తెలిశాక నిరుత్సాహపడాలి కానీ నాకు పిచ్చి ఇంకా ముదిరింది. 1982లో గ్రహాంతరవాసి సినిమా 'ఈ.టీ.' వచ్చాక ఆ బొమ్మని చేయని చేయి లేదేమో అనిపిస్తుంది. నా దగ్గర ఒకే అచ్చువి మూడున్నాయి. ఒకటి మామూలు గోధుమరంగు. ఒకటి చిలకపచ్చ, ఎందుకో ఆ వేసినవాళ్లకే తెలియాలి. మూడోదానికి ఎవరో సన్నటి కుంచెతో కనురెప్పల వెంట్రుకలు గీశారు, ఎడమ కంటికి ఐదు, కుడి కంటికి నాలుగు. అడుగున, మట్టి ఇంకా పచ్చిగా ఉండగా సూదితో గీకిన అక్షరాలు: "గ్రాండ్‌మాకి, 83". అమ్మమ్మో నాయనమ్మో ఇంగ్లీషులో తేలదు కదా, ఆ ఒక్కటి తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ఉంటుంది.

ఆ గీకిన ఏడాదే బొమ్మ వయసు. అచ్చులోనే పొంగి వచ్చిన ఏడాది ఉంటే అది అచ్చుది, బొమ్మ తర్వాత ఎప్పుడైనా పోసి ఉండొచ్చు. కొందరైతే ప్లాస్టిక్ బొమ్మ మీదే సొంతంగా అచ్చు తీసేసేవాళ్లు. మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుపోతుంది కాబట్టి ఆ రకం అసలు బొమ్మ కంటే చిన్నగా, ముక్కూమొహం అరిగినట్టు ఉంటుంది. 1977 నాటి 'స్టార్ వార్స్' రోబో ఒకటి అలాగే మొద్దుగా వచ్చింది నా దగ్గర, మూత కూడా సరిగ్గా కూర్చోదు. అయినా ఇష్టమే.

ఇక నేను చేసిన వెధవ పని. ఒక బొమ్మకి జిడ్డు పట్టిందని గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టాను. పది నిమిషాలకి తీస్తే కళ్లు లేవు, నీళ్లు నల్లగా ఉన్నాయి. చాలామంది గ్లేజు (కాలిస్తే గాజులా మెరిసే పైపూత) వేసి రెండోసారి కాల్చే ఓపిక లేక, ఒకసారి కాలిన మట్టి మీదే మామూలు రంగు పూసి పైన వార్నిష్ కొట్టి వదిలేసేవాళ్లు. ఇప్పుడు తడి దూదితో అడుగున ఒక మూల రుద్ది చూడకుండా దేన్నీ కడగను. ఆ వార్నిష్ ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడుతుంది, తెల్ల బొమ్మలన్నీ టీ రంగుకి తిరుగుతాయి, దానికి మందు లేదు.

వీటిలో తినడం తాగడం వద్దు. అప్పటి గ్లేజుల్లో కొన్నిటిలో సీసం ఉండేది, మన చేతిలో ఉన్నది ఏ రకమో చూసి చెప్పలేం. పూలు పెట్టుకుందామన్నా, తక్కువ వేడికి కాలిన మట్టి నీళ్లు పీలుస్తుంది, నా చెక్క షెల్ఫ్ మీద గుండ్రటి మరక అలా పడిందే.

కొనేముందు గోటితో తట్టండి. ఖంగుమంటే సరే, మొద్దుగా డబ్ మంటే ఎక్కడో బీట ఉంది. గ్లేజు మీద వెంట్రుకల్లాంటి గీతలు మాత్రం పెద్ద లెక్కలోకి రావు. పార్సిల్‌లో తెప్పిస్తే పొడుచుకొచ్చిన భాగాలకే టెన్షన్: పచ్చ ఈ.టీ.ని ఒకే ఒక్క పొర న్యూస్‌పేపర్‌లో చుట్టి పంపారు, ఆ ఎత్తిన వేలు విడిగా డబ్బాలో దొర్లుతూ వచ్చింది. అతికించాను, కొంచెం వంకరగా.

ఇప్పుడైతే అడుగు భాగం ఫొటో పంపమని ముందే అడుగుతాను. పంపకపోతే ఎంత బాగున్నా వదిలేస్తాను.