అమరాన్ క్వాంటా 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ: ఏడాది వాడకం తరువాత

కరెంటు పోయినప్పుడు కాసేపు నడిపేందుకు మా ఇంటి కంప్యూటరుకు పెట్టిన 600 వీఏ సామర్థ్యపు యూపీఎస్‌లో ఉండేది ఒకే ఒక్క సీల్డ్ లెడ్ యాసిడ్ (సీసం పలకలు, ఆమ్లం లోపల పెట్టి మూసేసిన) బ్యాటరీ. పాతది చచ్చిపోయినప్పుడు ఒక దుకాణదారు చౌకగా ఇచ్చిన, ఎన్నడూ పేరు వినని కంపెనీ బ్యాటరీని వేసుకున్నాను. ఏడు నెలలకే దాని పక్కలు ఉబ్బిపోయి, అది గూడులో నుంచి రానని మొరాయించింది. అడుగు రేకు మరలు విప్పి నానా తంటాలు పడి లాగవలసి వచ్చింది. ఆ తరువాత కొన్నదే ఈ క్వాంటా. తిరుపతి దగ్గరి కరకంబాడి కేంద్రంగా ఎదిగిన అమర రాజా సంస్థ సరుకు ఇది.

ఈసారి కొనేటప్పుడు జాగ్రత్త పడ్డాను. ఈ కొలతలో (సుమారు 15 సెంటీమీటర్ల పొడవు, ఆరున్నర వెడల్పు) మంచి బ్యాటరీ రెండు కిలోలకు పైగానే తూగుతుంది, ఎందుకంటే లోపల ఉండవలసిన సీసం అంత బరువు ఉంటుంది. ఉబ్బిపోయిన పాత బ్యాటరీని ఇంటి త్రాసులో వేస్తే 1,600 గ్రాములే వచ్చింది. కొన్న రోజునే తూచి ఉండవలసింది. తయారీ నెల కూడా చూడాలి. అలమరలో ఊరికే ఉన్నా ఈ బ్యాటరీ తనంతట తాను ఖాళీ అవుతూ ఉంటుంది, ఖాళీగా ఎక్కువ కాలం ఉంటే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. దుకాణంలోనే మల్టీమీటరు పెట్టి చూడగా 12.8 వోల్టులు ఉన్నది, 12.4 కంటే తక్కువ ఉంటే తీసుకోకుండా వచ్చేసేవాడిని. జేబులో నుంచి మీటరు తీయగానే దుకాణదారులు అడగకుండానే లోపలి అరలో నుంచి కొత్త సరుకు తెస్తారన్నది నా అనుభవం.

అయితే మీటరు చూపే అంకెను మాత్రమే నమ్మరాదు. ఉబ్బిన బ్యాటరీ కూడా ఊరికే ఉన్నప్పుడు 12.7 చూపించింది. అసలు సత్తా తెలియాలంటే భారం పెట్టి చూడవలసిందే. నేను మోటారు సైకిలు ఇండికేటరుకు వాడే 21 వాట్ల బల్బును తీసుకున్నాను. అది దాదాపు 1.7 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీని నిండా ఛార్జి చేసి, రాత్రంతా వదిలేసి, ఉదయం బల్బును ఒక పాత టైలు ముక్క మీద పెట్టి (అది ప్లాస్టిక్‌ను కరిగించేంత వేడెక్కుతుంది) వెలిగించి, పావుగంటకొకసారి వోల్టేజీ రాసుకున్నాను. 10.5 వోల్టులకు రాగానే ఆపేయాలి, అంతకన్నా కిందికి దించితే బ్యాటరీకి హాని. క్వాంటా 3 గంటల 10 నిమిషాలు నిలిచింది. ఉబ్బినది గంటా పది నిమిషాలకే చేతులెత్తేసింది.

1.7 ఆంపియర్లను 3 గంటల 10 నిమిషాలతో గుణిస్తే అయిదున్నర ఏహెచ్ (ఆంపియర్-గంటలు) కూడా రాలేదు కదా అని అనుమానించనక్కరలేదు. 7 ఏహెచ్ అనే మాట 20 గంటల పాటు 0.35 ఆంపియర్ల చొప్పున నెమ్మదిగా వాడినప్పటిది; లాగే కరెంటు పెరిగేకొద్దీ చేతికి వచ్చేది తగ్గుతుంది. అందుకే మా కంప్యూటరు, మానిటరు కలిసి 12 ఆంపియర్ల దాకా లాగినప్పుడు ఇదే బ్యాటరీ 16 నిమిషాలే నడిచింది. ఫైలు దాచుకుని కంప్యూటరు ఆపడానికి అది చాలు.

ఉబ్బడంలో తప్పంతా బ్యాటరీది కాకపోవచ్చు, ఛార్జింగుదీ కావచ్చు. నిత్యం ఛార్జరుకే అంటిపెట్టుకుని ఉండే వాడకానికి ఇలాంటి బ్యాటరీలకు 13.5 నుంచి 13.8 వోల్టులు ఇవ్వాలి, అదీ 25 డిగ్రీల దగ్గర. వేడి పెరిగితే డిగ్రీకి సుమారు 18 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించాలి; మా యూపీఎస్‌కు ఆ తెలివి లేదు. విజయవాడ మే నెలలో, మూసిన చెక్క బీరువా అడుగున, అది పగలూ రాత్రీ 13.7 వోల్టులు ఎక్కిస్తూనే ఉండేది. ఆ చౌక బ్యాటరీ ఉబ్బడంలో నాసిరకం సీసానిది ఎంత పాలో, నా బీరువాది ఎంత పాలో ఇప్పుడు విడదీసి చెప్పలేను. ఈసారి యూపీఎస్‌ను బయట, గాలి తగిలే బల్ల మీద పెట్టాను.

లిథియం బ్యాటరీ పెట్టుకోరాదా అని మా తమ్ముడు అడిగాడు. పొలంలో పురుగుమందు కొట్టే బ్యాటరీ పంపుకైతే, వీపు మీద బరువు తగ్గుతుంది కనుక, దానికి సరిపడే ఛార్జరుతో పెట్టుకొమ్మనే చెప్పాను. యూపీఎస్‌లో మాత్రం చూసి వేయాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేటు రకం సెల్లులు నాలుగింటితో 12.8 వోల్టుల ప్యాకు అయితే ఈ ఛార్జరుకు దగ్గరగా సరిపోతుంది గాని, లోపలి రక్షణ సర్క్యూటు 10 ఆంపియర్లకే తెంచేసేదైతే కరెంటు పోయిన క్షణంలోనే కంప్యూటరు ఆరిపోతుంది. 12 వోల్టులని అమ్మే మూడు సెల్లుల మామూలు లిథియం ప్యాకుకు నిండు ఛార్జి 12.6 వోల్టులే, దానిని 13.7 ఇచ్చే యూపీఎస్‌కు తగిలించడం ప్రమాదం.

క్వాంటాకు ధర చౌక సరుకుతో పోలిస్తే ఇంచుమించు రెట్టింపు అయింది. ఏడాది నిండాక మొన్న ఆదివారం అదే బల్బు, అదే టైలు ముక్కతో మళ్లీ పరీక్షించగా 2 గంటల 50 నిమిషాలు వచ్చింది. పక్కలు ఇంకా చదునుగానే ఉన్నాయి. ఆ తేదీని, నిమిషాలను మార్కరుతో బ్యాటరీ మీదనే, కొన్న తేదీ కింద రాసి మళ్లీ బిగించాను.