లోపలి టైరు సంగతి కూడా చెప్పేసింది

టైర్లలో గాలి ఎంతుందో చూపించి, తగ్గితే అలారం మోగించే సెన్సార్లు ట్రక్కుకు 10, ట్రైలర్‌కు 8, మొత్తం 18 బిగించాను. వాల్వు మూత తీసి ఆ చోట తిప్పడమే. జోడు టైర్లలో లోపలి దానికి చెయ్యి దూర్చడమే కష్టం. మొదట్లో వెనక టైర్ల రీడింగ్ మాటిమాటికీ పోయేది. సిగ్నల్ బూస్టర్ పెట్టాక ఆ బాధ తీరింది.

మొన్న రాత్రి లోడుతో వెళ్తుంటే బీప్ మొదలైంది. ట్రైలర్ లోపలి టైరులో గాలి 100 పీఎస్ఐ నుంచి 82కి దిగింది. ఆపి చూస్తే బోల్టు ముక్క దిగబడి ఉంది. బరువు పక్క టైరు మోస్తుంటుంది కాబట్టి అద్దంలో చూస్తే తెలిసేదే కాదు. అలాగే బండి నడిపి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ టెన్షనే.

అలారం హద్దులు మాత్రం టైర్లు చల్లగా ఉన్నప్పుడే సెట్ చేయండి. నడుస్తుంటే వేడికి రీడింగ్ పెరుగుతుంది, అది చూసి గాలి తీసేయకండి. సెన్సార్ బిగించాక సబ్బు నీళ్లు రాసి, బుడగలు వస్తున్నాయేమో చూసుకోండి.